ఆవకాయ సీసా మీద ఎంత రాయాలి? సింపుల్ డిజైన్ అంటే భయపడుతున్న వాళ్ళకి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండు నెలలుగా వీడియోలు చూసి గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుంటున్నారు. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్న మీ పిన్నిగారు ఆవకాయ సీసాకి లేబుల్ చేయమన్నారు. సింపుల్‌గా చేద్దామని కూర్చుంటే "ఇందులో ఏముంది, అంతా ఖాళీగా ఉంది, దీనికేనా రెండు నెలలు నేర్చుకుంది" అంటారేమోనని టెన్షన్. ఆ టెన్షన్‌లో ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే చివరికి కలగూరగంప అవుతోంది. విసుగొచ్చి ఫైల్ మూసేసి పడుకుంటున్నారు. మొదలెక్కడ పెట్టాలి అని మీ ప్రశ్న.

నేను 18 ఏళ్ళ కిందట విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో (కంప్యూటర్లో పేజీలు కూర్చే చోట) పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లతో మొదలుపెట్టాను. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ఫ్లెక్సీలు, మందుల షాపు బిల్లు పుస్తకాలు, అన్నీ చేశాను. ఇప్పుడు ఎక్కువగా చిన్న వ్యాపారాలకు లేబుళ్ళు, ప్యాకింగ్ పని చేస్తున్నాను. మీ చేయి ఇంకా తిరగలేదు, నిజమే. అది ఆరు నెలల్లో అదే తిరుగుతుంది. అసలు ఇబ్బంది వేరే ఉంది. ఆ లేబుల్లో ఏది ముఖ్యమో మీరింకా తేల్చుకోలేదు. తేల్చుకోకుండా కూర్చున్నప్పుడే ఖాళీ జాగా భయపెడుతుంది, చేతులు ఊరుకోవు.

నా సంగతే చెబుతాను. కొత్తలో ఒక ట్యూషన్ సెంటర్ కరపత్రం చేశాను. పై మూలన సరస్వతీదేవి, పక్కన గ్లోబు, కంప్యూటరు, పట్టాలు పట్టుకుని గాల్లోకి ఎగురుతున్న పిల్లలు, వాళ్ళ వెనకాల సూర్యకిరణాలు. అయిదు రకాల ఫాంట్లు. ప్రతి అక్షరానికీ తెల్ల అంచు, ఆ అంచుకో నీడ. యజమాని చూసి "బ్రహ్మాండంగా ఉందయ్యా" అన్నాడు. పంచిన మర్నాడు ఆయనే ఫోన్ చేసి, "ఏ క్లాసులకు చెబుతారని అందరూ అడుగుతున్నారు, అది వేయడం మర్చిపోయావా?" అన్నాడు. మర్చిపోలేదు. కింద కుడివైపు, గ్లోబు స్టాండు పక్కన, "6 నుంచి 10 వరకు" అని ఉంది. ఒక్కరికీ కనపడలేదు.

ఆ గ్లోబు ఎందుకు పెట్టానో అప్పుడు అడిగితే "బ్యాలెన్స్ కోసం" అని ఏదో చెప్పేవాణ్ణి. అక్కడ జాగా ఖాళీగా కనిపించింది, పని తక్కువ చేశాననుకుంటారని జంకు. అంతే. కస్టమర్లు కూడా మనల్ని అటే తోస్తారు. "ఇంకాస్త నింపు బాబూ, డబ్బులిస్తున్నాం కదా" అన్నవాళ్ళని ఎంతమందిని చూశానో. వాళ్ళ తప్పు లేదు. ఎంత సిరా పడితే అంత పని జరిగినట్టు లెక్క వాళ్ళకి.

కాబట్టి ఈ రాత్రి కంప్యూటర్ తెరవకండి. పాత నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చింపి చిన్న చీటీలు చేసుకోండి. లేబుల్ మీద ఉండాలని పిన్నిగారు అనుకుంటున్నవన్నీ చీటీకొకటి చొప్పున రాయండి. నాకు తెలిసి ఆ జాబితా ఇలా ఉంటుంది: ఆవకాయ అనే పేరు, వ్యాపారం పేరు, మామిడికాయ బొమ్మ, ఎండు మిరపకాయలు, జాడీ బొమ్మ, వెంకటేశ్వరస్వామి, "అమ్మ చేతి రుచి", "100% స్వచ్ఛమైనది", ఫోన్ నంబరు, ఇన్‌స్టాగ్రామ్ పేరు, బరువు, ధర, తయారీ తేదీ. పదమూడు చీటీలు. లేబుల్ మాత్రం మీ అరచేతిలో సగం కూడా ఉండదు.

ఇప్పుడు కొనే మనిషిని ఊహించుకోండి. షాపు అరలో ఉంటే ఆమె నాలుగైదు అడుగుల దూరం నుంచి చూస్తుంది. వాట్సాప్ స్టేటస్‌లో అయితే సీసా మొత్తం బొటనవేలంత ఉంటుంది. ఆ దూరంలో ఆమెకు తెలియాల్సింది ఒక్కటే: ఇది ఆవకాయ. చేతిలోకి తీసుకున్నాక "ఎవరు చేశారు, ఎంత ఉంది" అని చూస్తుంది. తిప్పి చూసేది ఆ తర్వాత. చీటీలను ఈ వరుసలోనే మూడు కుప్పలు పెట్టండి: దూరం నుంచి, చేతిలో, వెనకవైపు. ఏ కుప్పలోనూ ఇమడనివి నాలుగో కుప్ప.

నాలుగో కుప్ప దగ్గరే గొడవ వస్తుంది, కాస్త ఆగుదాం. మామిడికాయ బొమ్మ తీసుకోండి. గాజు సీసాలో అసలు మామిడికాయ ముక్కలే ఉన్నాయి. ఎర్రటి కారం, పైన తేలిన నూనె, టెంకతో సహా తరిగిన ముక్క, అన్నీ అద్దంలోంచి కనపడుతున్నాయి. దాని ముందు ఇంటర్నెట్లో దొరికిన పచ్చ మామిడికాయ అతికిస్తే నిజం ముక్కను కాగితం ముక్కతో కప్పినట్టే. మిరపకాయలు, జాడీ కూడా అంతే. మీ డిజైన్లో బొమ్మ ఉంది, అది సీసాలోనే ఉంది. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అదే ఆవకాయను రేకు డబ్బాలోనో పౌచ్‌లోనో అమ్మితే నా సలహా మారుతుంది. అప్పుడు లోపల ఏముందో చూపించడానికి ఒక బొమ్మ కావాలి.

స్వామివారి బొమ్మ గురించి పిన్నిగారితో వాదించకండి. "పచ్చడి అయిపోయాక సీసా చెత్తబుట్టలో పడుతుంది కదా పిన్నీ" అని ఒక్క మాట అనండి. ఆవిడే తీసేయమంటారు. నేను చాలామంది దగ్గర ఈ మాట వాడాను, ఒక్కరూ కాదనలేదు. "అమ్మ చేతి రుచి" సంగతంటారా, బజార్లో ఉన్న సీసాల్లో సగం మీద అదే ఉంటుంది. దాని బదులు పిన్నిగారి ఊరు పేరు వేయండి. ఊరు పేరులో సమాచారం ఉంది.

ఇక తీసేయడానికి వీల్లేనివి. మినిమల్, అంటే కావాల్సింది మాత్రమే ఉంచే డిజైన్, అనగానే కొత్తవాళ్ళు వీటిని కూడా ఎగరగొడతారు, అందుకే చెబుతున్నాను. అమ్మకానికి పెట్టే ఆహారం మీద పదార్థాల పేర్లు, పోషకాల పట్టిక, తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోపు వాడాలి, ధర, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తు, దాని 14 అంకెల నంబరు ఉండాలి. చిన్న వ్యాపారులకు కొన్నిటిలో మినహాయింపులుంటాయి. పిన్నిగారికి ఏవి వర్తిస్తాయో రిజిస్ట్రేషన్ చేయించిన చోట అడగండి. శాకాహారం అని చెప్పే ఆకుపచ్చ గుర్తు, చదరంలో నిండు చుక్క, ముందువైపు పేరుకు దగ్గరగా ఉండాలి. ఈ అక్షరాలకూ గుర్తులకూ కనీస కొలతలు నిబంధనల్లోనే ఉన్నాయి, వాటికన్నా తగ్గించకూడదు. మిగతావన్నీ వెనక లేబుల్ మీదికి పంపేయండి. ముందు లేబుల్ ఖాళీగా ఉండగలిగేది వెనక లేబుల్ ఆ బరువంతా మోస్తుంది కాబట్టే.

ఇంతకీ మిగిలిందేమిటి? ముందువైపు "ఆవకాయ", కింద వ్యాపారం పేరు, ఊరు, బరువు, ఆకుపచ్చ చుక్క. అయిదే అయిదు. ఇప్పుడు పెన్సిల్ తీయండి.

ముందు సీసాను కొలవాలి. దాని చుట్టూ ఒక కాగితం చుట్టండి. 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సీసా అయితే చుట్టుకొలత 22 సెంటీమీటర్లు వస్తుంది. సీసాను ఎదురుగా పెట్టుకుని చూస్తే వంపు వల్ల ఆ 22లో మూడోవంతు మాత్రమే బాగా కనపడుతుంది. అంటే ఓ 7 సెంటీమీటర్లు. 7 వెడల్పు, 5 ఎత్తు అనుకుందాం. ముఖ్యమైనదంతా అందులో ఉండాలి. మొదట్లో నేను స్క్రీన్ మీద చదునుగా చూసి మురిసిపోయి, సీసాకు చుట్టాక పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం పక్కలకు జారిపోవడం చూసి తల పట్టుకున్నాను.

నోటుబుక్కులో అగ్గిపెట్టెంత గళ్ళు పన్నెండు గీయండి. సెల్‌ఫోన్‌లో ఇరవై నిమిషాలు టైమర్ పెట్టి, ఒక్కో గడిలో ఆ అయిదింటినీ ఒక్కో రకంగా అమర్చండి. అక్షరాలు రాయక్కర్లేదు. పేరు ఉండేచోట లావు గీత, చిన్న అక్షరాలకు సన్న గీత చాలు. మొదటి నాలుగు గళ్ళు మీరు ఎక్కడో చూసినవే వస్తాయి, ఖంగారు పడకండి. ఆరో ఏడో గడికి వచ్చేసరికి ఐడియాలు అయిపోయి చేయి ఆగిపోతుంది. అక్కడ లేవకూడదు. పేరును బాగా కిందికి దింపి చూడండి. ఎడమ అంచుకు ఆనించి చూడండి. గడిలో పైసగం పూర్తిగా వదిలేసి చూడండి. కాగితం మీద ఒక గడి పాడైతే పోయేది పావు నిమిషం. స్క్రీన్ మీద అయితే దానికే రంగులు మార్చుకుంటూ రెండు గంటలు కూర్చుంటాం, తర్వాత తీసేయడానికి మనసొప్పదు. అందుకే పెన్సిల్ అంటున్నాను.

ఇక్కడే మళ్ళీ ఆ ప్రశ్న వస్తుంది. "మరీ ఇంతేనా?" స్టేట్ బ్యాంక్ గుర్తు చూడండి. నీలం గుండ్రం, మధ్యలో చిన్న తెల్ల చుక్క, దాని నుంచి కిందికి ఒక చీలిక. 1971లో అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడికి చెందిన శేఖర్ కామత్ డిజైన్ చేసింది. పాస్‌బుక్ మీద వేలిగోరంత వేసినా, రోడ్డు అవతల ఏటీఎం బోర్డు మీద వేసినా ఆ గుర్తు చెదరదు. బ్యాంకు అనగానే నోట్ల కట్టలు, నాణేలు, భవనం బొమ్మ వేద్దామని అప్పట్లో కూడా ఎవరికో ఒకరికి అనిపించే ఉంటుంది.

అంచుల దగ్గర వదిలే జాగా గురించి మీ పిన్నిగారికి మీరు చెప్పక్కర్లేదు, ఆవిడే మీకు చెప్పగలరు. జాడీని మూతి దాకా ఎందుకు కూరరో అడగండి. పైన నూనె తేలడానికి చోటుండాలి. 7 × 5 లేబుల్లో నాలుగు వైపులా కనీసం 5 మిల్లీమీటర్లు వదిలేయండి. అందులోకి చుక్క కూడా రాకూడదు. కొత్తవాళ్ళ పని పట్టుకోవడానికి నేను మొదట చూసేది ఈ అంచులే. అక్షరాలు అంచును రాసుకుంటూ ఉంటాయి, మధ్యలో మాత్రం ఎందుకో జాగా మిగిలిపోతుంది.

వరుసలు సరిచేయడానికి వీడియోల్లో గ్రిడ్ గ్రిడ్ అని భయపెడతారు. మీ ఇంటి ముందు చుక్కల ముగ్గు వేయడం చూసే ఉంటారు కదా. ముందు చుక్కలు, తర్వాత గీత. గీత ఎటు తిరిగినా చుక్కల లెక్క తప్పదు. గ్రిడ్ అంటే అవే చుక్కలు, ప్రింట్ చేసేటప్పుడు కనపడవు అంతే. ఈ లేబుల్‌కు ఒక్క నిలువు గీత చాలు. మామూలుగా కొత్తవాళ్ళకి నేను అన్నీ ఎడమవైపు ఒకే గీతకు ఆనించమంటాను, తప్పు చేయడానికి ఛాన్స్ తక్కువ. కానీ గుండ్రటి సీసాకు సహజంగానే నడుమ ఒక గీత ఉంటుంది కాబట్టి ఇక్కడ మధ్యకు పెట్టినా బాగుంటుంది. రెండూ కలపొద్దు. పేరు మధ్యలో, ఊరు ఎడమవైపు, బరువు కుడివైపు పెట్టారంటే మళ్ళీ ట్యూషన్ సెంటర్ కరపత్రానికి వచ్చినట్టే.

ఇప్పుడు అక్షరాలు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మీరు చూసే వీడియోల్లో ఇది ఉండదు. ఆ మినిమల్ పోస్టర్ల పద్ధతి చాలావరకు 1950లలో స్విట్జర్లాండ్‌లో, జూరిక్, బాసెల్ నగరాల్లో రూపు దిద్దుకుంది. స్విస్ డిజైనర్ జోసెఫ్ ముల్లర్-బ్రాక్‌మన్ జూరిక్‌లోని టోన్‌హాలే అనే సంగీత మందిరం కచేరీలకు చేసిన పోస్టర్లు, 1957లో వచ్చిన హెల్వెటికా ఫాంటు ఆ కాలానివే. అద్భుతమైన పని, తప్పకుండా చూడండి. కానీ అదంతా రోమన్ లిపి, అంటే ఇంగ్లీషు రాసే అక్షరాల, మీద కట్టిన ఇల్లు. అన్నీ పెద్దక్షరాల్లో రాసి మధ్య ఎడం పెంచడం, సన్నటి ఫాంటు, దగ్గర దగ్గర వరుసలు, ఈ చిట్కాలు తెలుగుకు తెచ్చారంటే బోల్తా కొడతాయి. మనకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే తేడానే లేదు. అక్షరాల మధ్య ఎడం పెంచితే పదం తెగిన పూసల దండలా అవుతుంది. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద ఒత్తు ఉంటుంది.

"ఆవకాయ" అనే మాటనే చూడండి. నాలుగు అక్షరాలు, కింద ఒక్క ఒత్తు లేదు. ఎక్కడ పెట్టినా బుద్ధిగా కూర్చుంటుంది. మీరు దానికి సరిపోయేలా లేబుల్ చేసి సంబరపడతారు. వచ్చే నెల పిన్నిగారు "పండుమిర్చికి కూడా చెయ్యి" అంటారు. "ర్చి" దగ్గర కింద చ ఒత్తు, పైన గుడి. పదం పొడుగు కూడా ఎక్కువ. "కొత్తిమీర"లో త ఒత్తు ఉంది. కింద ఉన్న ఊరు పేరుకు ఆ ఒత్తులు గుద్దుకుంటాయి. అందుకని పిన్నిగారు పెట్టే పచ్చళ్ళన్నిటి పేర్లూ ముందే రాసుకుని, వాటిలో అన్నిటికన్నా పొడుగైనది, ఒత్తులు ఎక్కువున్నది తీసుకుని దానితోనే లేబుల్ మొదలుపెట్టండి. అది ఇమిడితే ఆవకాయ, మాగాయ, గోంగూర వాటంతట అవే ఇముడుతాయి.

వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకు చాలా సాఫ్ట్‌వేర్లు అక్షరం సైజుకు 120 శాతం పెడతాయి. తెలుగుకు అది చాలదు. నేను 140 దగ్గర మొదలుపెట్టి, ఒత్తులు ఎక్కువుంటే 160 దాకా వెళ్తాను. వెనక లేబుల్ మీద చిన్న అక్షరాలకు ఇది మరీ ముఖ్యం.

ఫాంటు ఒక్కటి చాలు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ అని కవుల పేర్లతోనే ఉన్నాయి. ఆ పేర్లు చూసి ముచ్చటపడి లేబుల్ మీద అష్టదిగ్గజాల్ని అందర్నీ కూర్చోబెట్టకండి, అది రాయలవారి సభ కాదు. మీలాంటివాళ్ళకు నేను ఎక్కువగా చెప్పేది అనేక్ తెలుగు. ముంబైకి చెందిన ఏక్ టైప్ వాళ్ళు చేశారు. ఒకే ఫాంటులో బాగా సన్నం నుంచి బాగా లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ ఉంటాయి, ఇంగ్లీషు అక్షరాలు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. పేరుకు లావుది, మిగతావాటికి మామూలుది, అంతే. లావు విషయంలో ఒక జాగ్రత్త: మన అక్షరాల కడుపులు గుండ్రం. మరీ లావు చేస్తే చిన్న సైజులో ఆ కడుపులు పూడుకుపోయి "వ"కీ "ప"కీ తేడా కనపడదు.

సైజుల్లో మొహమాటపడొద్దు. కొత్తవాళ్ళు పేరుకు 20 పాయింట్లు, కిందిదానికి 16 పెడతారు. రెండూ మాట్లాడుతున్నట్టుంటాయి, ఏదీ వినపడదు. 36 పెట్టి, రెండోదానికి 12 పెట్టండి. మూడింతల తేడా స్క్రీన్ మీద ఎక్కువనిపిస్తుంది, సీసా మీద సరిపోతుంది. తెలుగులో 8 పాయింట్ల కన్నా కిందికి నేను వెళ్ళను.

ఈ నియమం నాకు ఒక విజిటింగ్ కార్డు నేర్పింది. అప్పటికి నేను మినిమలిజం మీద బాగా మోజు పడ్డాను. ఒక పెద్దాయన, డాక్టరు, కార్డు అడిగారు. తెల్లటి కార్డు, నడుమ లేత బూడిద రంగులో సన్నటి అక్షరాలతో పేరు, మూలన ఇంకా లేతగా ఫోన్ నంబరు. నా కంటికి మహా గొప్పగా ఉంది. అయిదు వందలు ప్రింట్ చేసి తీసుకెళ్ళాను. ఆయన కార్డును దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, కళ్ళజోడు మార్చి చూసి, "ఏమయ్యా, నా నంబరు నాకే కనపడట్లేదు. నా దగ్గరికొచ్చే వాళ్ళు డెబ్భై ఏళ్ళవాళ్ళు" అన్నారు. కసురుకోలేదు. అదే ఎక్కువ బాధేసింది. నా సొంత ఖర్చుతో మళ్ళీ వేసిచ్చాను. అందులో మార్చింది రెండే: రంగు నలుపు చేశాను, నంబరు పెద్దది చేశాను. జాగా అంతే ఉంది. ఆ రెండో కార్డే మొదటిదానికన్నా బాగుంది, ఇప్పుడు చూసినా.

రంగుల దగ్గరికి వద్దాం. ఆవకాయ కదా అని అందరూ ఎర్ర లేబుల్ చేస్తారు. సీసాలో సరుకు ఎరుపు, దాని మీద ఎర్ర కాగితం. దూరం నుంచి రెండూ ఒకటైపోతాయి. తెలుపో, లేత గంధం రంగో పెట్టి, దాని మీద ఒకే ముదురు రంగులో అక్షరాలు వేయండి. ఆవకాయ ఎరుపు దానంతటదే వెలుగుతుంది. సరిపోయిందో లేదో చూడ్డానికి ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపుకు మార్చండి. అక్షరాలు అప్పుడు కూడా స్పష్టంగా ఉంటే దిగులు లేదు. తెల్ల లేబుల్‌తో ఉన్న చిక్కు నూనె. పచ్చడి నూనె అంటిన కాగితం ఒక్కరోజులో పసుపు మరకలు పడుతుంది. మామూలు పేపర్ స్టిక్కర్ కాకుండా లామినేషన్ చేసింది గానీ ప్లాస్టిక్ స్టిక్కర్ గానీ అడగండి.

ఇప్పుడు కంప్యూటర్ తెరవచ్చు. కాన్వా అయినా, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అయినా పర్వాలేదు, మీరు ఏది వాడుతున్నారో అదే వాడండి. సైజు 7 × 5 సెంటీమీటర్లు, కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు కలిపితే 76 × 56 మిల్లీమీటర్లు. ఫొటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఖంగారు పడకండి, పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్నచోట వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ప్రతి మార్పుకూ ఫైల్ కాపీ చేసి 1, 2, 3 అని నంబర్లు ఇచ్చుకోండి. వెనక్కి వెళ్ళే దారి ఉందని తెలిస్తే తీసేయడానికి చేయి వణకదు. భయం తగ్గడానికి నాకు బాగా పనికొచ్చింది ఈ నంబర్లే. అయిదో నంబరు దగ్గర ఏదో ఒకటి తీసేసి చూడండి. దాని లోటు ఎవరికీ తెలియకపోతే అది అక్కడ అక్కర్లేదు.

అయ్యాక కుటుంబం వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. బాబాయి బోర్డర్ ఉంటే బాగుండేదంటారు, అత్త పువ్వు పెట్టమంటారు, బెంగుళూరులో ఉన్న అన్నయ్య ఏదో విదేశీ సీసా ఫోటో పంపిస్తాడు. ముగ్గురికి విడివిడిగా చూపించండి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, దానివల్ల లాభం లేదు. అయిదు సెకన్లు చూపించి ఫోన్ తిప్పేసి "మొదట ఏం కనపడింది?" అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు "ఆవకాయ" అనకపోతే మళ్ళీ పెన్సిల్ తీయాలి.

పిన్నిగారికి స్క్రీన్ మీద చూపించకండి. మామూలు ఇంటి ప్రింటర్లోనే రెండు రకాలు తీసి, కత్తిరించి, నిజం సీసాలకు గమ్‌తో అంటించండి. ఒకటి మీ సింపుల్ లేబుల్. రెండోది ఆవిడ చెప్పినవన్నీ ఉన్నది, దాన్ని కూడా మనస్ఫూర్తిగా చేయండి, కావాలని పాడు చేయకండి. రెండూ వంటింటి అరలో పెట్టి, ఆవిడను గుమ్మం దగ్గర నిలబడి చూడమనండి. మినిమలిజం అనే మాట నోట్లోంచి రానివ్వకండి. ఆవిడ రెండోదే ఎంచుకుంటే ఎందుకో అడగండి. ఒక్కోసారి వాళ్ళ దగ్గర మనకు తెలియని కారణం ఉంటుంది. నాకొకావిడ ఇలాగే "మా సీసాలు కొనేవాళ్ళు చదువుకోనివాళ్ళు కూడా ఉంటారు బాబూ, బొమ్మ చూసే గుర్తుపడతారు" అన్నారు. ఆవిడ సీసాకు బొమ్మ పెట్టాల్సిందే. ఒకే ఒక్క బొమ్మ, పెద్దగా పెట్టాం.

డబ్బులు అడగాలా అని కూడా రాశారు. పిన్నిగారు కదా, మొదటిదానికి రెండు సీసాలు అడగండి. పండుమిర్చి లేబుల్ నుంచి డబ్బులు అడగండి.

ప్రెస్‌కు పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్ చేయండి, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మలుగా మార్చండి, లేకపోతే వాళ్ళ దగ్గర మీ ఫాంటు లేక ఇంకేదో పడుతుంది. మార్చుకోగలిగే కాపీ ఒకటి మీ దగ్గర దాచుకోండి. నల్ల అక్షరాలు నల్ల సిరా ఒక్కదానితోనే పడేలా చూడండి. నాలుగు రంగులు కలిసిన నలుపు పెడితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న ఒత్తులన్నీ అలుక్కుపోతాయి. నాకు ఒకసారి రెండు వేల కరపత్రాలు అలాగే వచ్చాయి, తప్పు నా ఫైల్‌దే.

ఒకేసారి వేలల్లో వేయించకండి. డిజిటల్ ప్రింట్ షాపులో 12 × 18 అంగుళాల స్టిక్కర్ షీటు ఒకటి తీయిస్తే ఈ సైజు లేబుళ్ళు పాతిక దాకా వస్తాయి. వాటిని పాతిక సీసాలకు అంటించి, వారం రోజులు నూనె చేతులతో అటూ ఇటూ తిప్పి చూడండి. వెనక లేబుల్ మీద ఆ 14 అంకెలను మాత్రం మీరు చదవకండి. పిన్నిగారి సర్టిఫికెట్ చూసి మీరు ఒక్కో అంకె పైకి చెబుతుంటే, ఇంట్లో ఇంకొకరెవరైనా లేబుల్ మీద వేలు పెట్టి సరిచూడాలి. ఫోన్ నంబరు కూడా అలాగే.

పన్నెండు గళ్ళూ గీశాక ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. గజిబిజిగా ఉన్నా సరే, చూసి చెబుతాను.